రెండో బొమ్మలో మేరీ విండ్సర్

అమెరికన్ నటి మేరీ విండ్సర్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 1940ల నాటి హాలీవుడ్‌లో ఆడమనిషికి అంత ఎత్తు వరమేమీ కాదు. తెర మీద కొండంత కనిపించే హీరోల్లో చాలామంది, పక్కన నిలబడితే ఆవిడ కళ్ల దాకానో ముక్కు దాకానో వచ్చేవాళ్లు. హీరో పొట్టివాడని జనానికి తెలిసిపోయేలా చేసే అమ్మాయిని ఎవరు పెట్టుకుంటారు? ఆ ఎత్తుని ఆవిడ ఎలా నెగ్గుకొచ్చిందో చెబితే, చిన్న సినిమాల్లో రెండో వేషాలు వేసే నటి పని ఎంత కష్టమో సగం చెప్పినట్టే.

1949లో వచ్చిన 'అవుట్‌పోస్ట్ ఇన్ మొరాకో'లో ఆవిడ జార్జ్ రాఫ్ట్ సరసన నటించింది. రాఫ్ట్ ఆవిడకన్నా పొట్టి. దానికి ఆయనే ఒక కిటుకు నేర్పాడు. దూరం నుంచి తీసే షాటులో మామూలుగానే నడిచి రావాలి. కెమెరాకి దగ్గరయ్యే కొద్దీ అడుగడుక్కీ మోకాళ్లు కాస్త కాస్త వంచుతూ రావాలి. ఇద్దరూ నడుం పైనుంచి మాత్రమే కనిపించే చోటికి చేరేసరికి ఆయన ఎత్తుకి దిగిపోయి ఉండాలి. దిగినట్టు మాత్రం చూసేవాడికి తెలియకూడదు. అదే సినిమాలో ఇద్దరికీ టాంగో డాన్సు కూడా ఉంది. మడమ లేని బ్యాలే చెప్పులు తొడుక్కుని, మోకాళ్లు వంచే ఆ డాన్సంతా నేర్చుకుంది.

ఇంట్లో గోడ పక్కన నాలుగడుగులు అలా నడిచి చూడండి. తొడలు పట్టేస్తాయి. మోకాలు వంగగానే భుజాలు వాటంతటవే ముందుకి వాలతాయి, మెడ కుదించుకుపోతుంది, అడుగు బరువుగా పడి తల పైకీ కిందకీ ఊగుతుంది. ఇవేవీ కనిపించకూడదు. నడుం నిటారుగా, మెడ నిక్కించి, మొహం మీద వలపు చెదరకుండా ఆ నడక నడవాలి. తెర మీద కాళ్లు లేవు కాబట్టి ఆ కష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు.

అంతకు ముందు ఏడాది 'ఫోర్స్ ఆఫ్ ఈవిల్'లో జాన్ గార్‌ఫీల్డ్‌తో నటించినప్పుడు దారి వేరు. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా పెట్టె ఎక్కి నిలబడ్డాడు. స్టూడియోల్లో ఆ చెక్కపెట్టెని యాపిల్ బాక్స్ అంటారు. నిండు పెట్టె 20 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. సగం పెట్టె 4 అంగుళాలు, పావు పెట్టె 2, అన్నిటికన్నా పల్చనిది 1. ఎవరికెంత కావాలో చూసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పెట్టెతో వచ్చే చిక్కు ఒక్కటే, ఎక్కినవాడు అక్కడినుంచి కదలలేడు. నిలబడి మాట్లాడుకునే సీనుకైతే సరిపోతుంది. నడక ఉంటే హీరో కాళ్ల కింద పొడుగునా బల్లలు పరవాలి, దానికి వడ్రంగులు కావాలి, గంటలు కావాలి. అంత వ్యవధి లేని సినిమాలో ఆ భారం వచ్చి ఆడమనిషి మోకాళ్ల మీద పడుతుంది.

ఎత్తు తేడా ఉంటే లైట్లవాళ్లకీ తలనొప్పే. పొడుగు మనిషి నీడ వెళ్లి పొట్టి మనిషి మొహం మీద పడుతుంది. మైకు పొడుగు మనిషి తల తగలకుండా పైకెత్తితే పొట్టి మనిషి గొంతు పల్చబడుతుంది. పెద్ద సినిమాలో ఇవన్నీ సర్దుకోవడానికి పూటంతా ఉంటుంది. మేరీ విండ్సర్ పనిచేసిన సినిమాల్లో ఆ పూటలోపు నాలుగు పేజీల స్క్రిప్టు అయిపోవాలి.

ఇలాంటి చిన్న సినిమాల్ని 'బి' సినిమాలంటారు. ఆ మాట మనవాళ్ళు చాలామంది చౌకబారు సినిమా అన్న అర్థంలో వాడేస్తారు. అసలు అర్థం అది కాదు. 1930ల్లో అమెరికాలో ఒక టిక్కెట్టుకి రెండు బొమ్మలు వేసే పద్ధతి వచ్చింది. మొదటిది పెద్ద తారల బొమ్మ, రెండోది గంటా గంటంబావు నడిచే చిన్న బొమ్మ, మధ్యలో వార్తా చిత్రం, కార్టూను. పెద్ద బొమ్మకి హాలువాడు వసూళ్లలో వాటా ఇచ్చేవాడు. రెండో బొమ్మకి మాత్రం ఇంత అని ఖాయంగా అద్దె కట్టేవాడు. అక్కడే ఉంది కీలకం. సినిమా ఎంత బాగున్నా అద్దె పెరగదు, ఎంత నాసిగా ఉన్నా తరగదు. ఎన్ని హాళ్లలో ఆడుతుందో, ఎంత వస్తుందో షూటింగు మొదలవ్వకముందే దాదాపు తెలిసిపోతుంది కాబట్టి, నిర్మాతకి లాభం రావాలంటే మిగిలింది ఒకటే దారి, ఖర్చు తగ్గించడం. సినిమాలో అన్నిటికన్నా ఖరీదైనది రోజు. అందుకని రోజులు కోసేవారు.

రిపబ్లిక్ పిక్చర్స్ లెక్క చూస్తే ఇది తేటగా అర్థమవుతుంది. 1935లో పుట్టిన ఆ కంపెనీ తన సినిమాల్ని నాలుగు తరగతులు చేసింది. అట్టడుగున జూబ్లీ తరగతి: ఏడు రోజుల షూటింగు, 50 వేల డాలర్ల చుట్టుపక్కల ఖర్చు, చాలావరకు గుర్రాల కౌబాయ్ బొమ్మలు. దాని పైన యానివర్సరీ: రెండు వారాలు, 1,75,000 నుంచి 2 లక్షల డాలర్లు. ఆపైన డీలక్స్, 5 లక్షలు. అన్నిటికన్నా పైన ప్రీమియర్, 10 లక్షలు, ఆ పైమాట. మేరీ విండ్సర్ రిపబ్లిక్‌లో కింది మెట్టు మీదా నటించింది, పై మెట్టు మీదా నటించింది. జాన్ వేన్ పక్కన 'ది ఫైటింగ్ కెంటకియన్'లో కనిపించేది ఆవిడే.

ఇలాంటి చోట నటికి కావలసిన విద్య వేరు. గదిలో ఇద్దరు మాట్లాడుకునే సీను తీస్తున్నారనుకోండి. పద్ధతిగా అయితే ముందు ఇద్దరినీ కలిపి మొత్తం సీను తీసి, తర్వాత ఒకరి క్లోజప్పులు, ఆపైన రెండోవారివి తీస్తారు. కెమెరా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరిగిన ప్రతిసారీ లైట్లన్నీ మార్చాలి. చిన్న సినిమాలో అన్నిసార్లు తిప్పడం కుదరదు కాబట్టి, ఆ గదిలో కిటికీ వైపు చూసే ముక్కలన్నీ, అవి ఏ సీనులోవైనా సరే, ఒకేసారి తీసేసి, ఆ తర్వాత తలుపు వైపు తిరిగేవారు. అంటే నటి పొద్దున ఒంటిగంటలోపు మొదటి సీనులో నవ్వి, ఆఖరి సీనులో ఏడ్చి, నడిమి సీనులో కోప్పడాలి. మధ్యాహ్నం మళ్లీ అవే సీన్లకి అవతలి సగం. పొద్దున ఏ మాట దగ్గర సిగరెట్టు నోట్లో పెట్టుకుందో, అప్పటికి అది ఎంత కాలి ఉందో, జుట్టు ఏ భుజం మీద ఉందో గుర్తుండాలి. తేడా వస్తే ఎడిటింగు బల్ల దగ్గర ఆ రెండు ముక్కలూ అతకవు. మళ్లీ తీయడానికి సెట్టు ఉండదు, అప్పటికి ఇంకో బొమ్మకి రంగు పూసేస్తుంటారు. నేల మీద సుద్దతో గీసిన గుర్తు మీదే వచ్చి ఆగాలి, కిందకి చూడకుండా. అరడుగు ముందుకొస్తే ఫోకస్ పోతుంది, అరడుగు పక్కకి జరిగితే లైటు పోతుంది.

హీరోకైతే ఒకటికి రెండు టేకులు ఇచ్చేవాళ్లు. రెండో వేషానికి ఇవ్వరు. అందుకే మొదటి టేకులోనే ముగించగల నటులకి గిరాకీ. 1950ల్లో మేరీ విండ్సర్ పేరు అంత తరచుగా కనపడటానికి అందం ఒక్కటే కారణం కాదు.

ఆవిడ అసలు పేరు ఎమిలీ మేరీ బెర్టెల్సెన్. పుట్టింది యూటా రాష్ట్రంలో మేరీస్‌వేల్ అనే చిన్న ఊళ్లో, 1919 డిసెంబరు 11న. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదివి, 1940లో హాలీవుడ్ చేరి మరియా ఊస్పెన్స్‌కాయా దగ్గర నటన నేర్చుకుంది. ఊస్పెన్స్‌కాయా మాస్కో ఆర్ట్ థియేటర్ నుంచి వచ్చిన ఆవిడ, స్తానిస్లావ్‌స్కీ నటనా పద్ధతిని అమెరికాకి తెచ్చినవాళ్లలో ఒకరు. పావర్టీ రో అని వెక్కిరింతగా పిలిచే చిన్న కంపెనీల సినిమాల్లో కనిపించే మనిషి వెనక ఇంత చదువుందని ఎవరూ అనుకోరు. చదువుంది కదా అని వేషాలు వచ్చి వాలలేదు. టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. మొకాంబో నైట్ క్లబ్బులో మెడకి పళ్లెం తగిలించుకుని బల్లల మధ్య తిరుగుతూ సిగరెట్లు అమ్మింది. 1941 నుంచి ఆరేళ్ల పాటు ఎక్కువగా పేరు పడని బిట్ వేషాలే. రేడియోలో పనిచేస్తూ, హాస్యనటుడు జాక్ బెన్నీకి ఎం.ఇ. విండ్సర్ అనే పేరుతో జోకులు రాసి అమ్మింది కూడా. పొడి అక్షరాలు పెట్టుకుంటే రాసింది ఆడా మగా అన్నది తెలియదు. ఆ రోజుల్లో ఆ జాగ్రత్త ఎందుకో చెప్పక్కర్లేదు. ఈ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, ఆవిడ మాట విరిచే తీరు, వాక్యం చివర దెబ్బ కొట్టే ముందు అర క్షణం ఆగడం, జోకులు రాసిన చేతికి తెలిసిన విద్య. 'ది కిల్లింగ్'లో అది ఎంత పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

ఎం.జి.ఎం. స్టూడియో వాళ్లు 1947లో తీసుకుని ఒకటి రెండేళ్లు చిన్నాచితకా వేషాలిచ్చి వదిలేశారు. 'ఫోర్స్ ఆఫ్ ఈవిల్'లో ముఠా నాయకుడి భార్యగా వేసింది. కనిపించేది కొద్దిసేపే, కానీ ఆ తర్వాత దర్శకుల మనసులో ఆవిడ ముద్ర పడిపోయింది: మగవాడిని మాటలతో చుట్టేసి గోతిలోకి దించే మనిషి. మనం వ్యాంపు అంటాం. మన వ్యాంపుకి ఒక పాట, ఒక డాన్సు ఉండేవి. అమెరికా చిన్న సినిమాలో అవేం లేవు. చేతిలో సిగరెట్టు, నోట్లో మాట, పెద్ద పెద్ద కళ్లు, అంతే సామగ్రి.

1949లోనే రిపబ్లిక్ తీసిన 'హెల్‌ఫైర్' మాత్రం వేరే సంగతి. ఆవిడకి తన సినిమాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. డాల్ బ్రౌన్ అనే బందిపోటు వేషం. మగవాళ్ల బట్టలు, నడుముకి పిస్తోలు. గుర్రపు స్వారీ ఆవిడకి చిన్నప్పటినుంచి వచ్చు కాబట్టి చాలా చోట్ల డూపు అవసరం పడలేదు. డూపు ఉంటే ఏమవుతుందో తెలుసుగా: దూరంగా గుర్రం దౌడు, కట్, దగ్గరగా కదలని గుర్రం మీద హీరోయిన్ మొహం. ఈవిడ విషయంలో కెమెరా దౌడు మొదలు దిగేదాకా వదలకుండా వెంట ఉండొచ్చు, అందుకే ఆ సీన్లు ఇప్పటికీ పచ్చిగా అనిపిస్తాయి. ఆ బొమ్మ ట్రూకలర్‌లో తీశారు. అప్పటికి అది రెండు రంగుల పద్ధతి, ఎరుపు వైపు ఒకటి, నీలం వైపు ఒకటి. ఒంటి రంగు, మట్టి, తోలు జీను బాగా పలుకుతాయి. పచ్చటి ఆకు మాత్రం మురికిగా తేలుతుంది, నిఖార్సయిన పసుపు రానే రాదు. అరిజోనా మట్టిరంగు కథలకి ఆ లోపం ఎవరికీ పట్టలేదు.

ఇక 'ది నారో మార్జిన్'. ఆర్‌కేఓ కంపెనీ, దర్శకుడు రిచర్డ్ ఫ్లైషర్, కెమెరా జార్జ్ డిస్కంట్. 1950లో 13 రోజుల్లో తీసేశారు. నిడివి 71 నిమిషాలు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది కాబట్టి దాదాపు 6,400 అడుగుల బొమ్మ. రోజుకి అయిదున్నర నిమిషాల పూర్తయిన సినిమా అన్నమాట. పెద్ద సినిమాకి రోజుకి రెండు నిమిషాలొస్తే ఆ రోజు బాగా జరిగినట్టు.

కథంతా షికాగో నుంచి లాస్ ఏంజిలస్ వెళ్లే రైల్లో. చచ్చిపోయిన ముఠా నాయకుడి పెళ్లాం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆమెని రైల్లో క్షేమంగా చేర్చే పని చార్లెస్ మెక్‌గ్రా వేసిన డిటెక్టివ్‌ది. హంతకులు అదే రైలెక్కారు. వాళ్లకి ఆమె మొహం తెలియదు. మేరీ విండ్సర్ ఆ విధవరాలు. మామూలుగా రైలు సీన్లకి పెట్టెలాంటి సెట్టు కట్టి, కింద స్ప్రింగులు పెట్టి మనుషుల చేత ఊపిస్తారు. దానికి డబ్బూ కావాలి, సమయమూ కావాలి. ఫ్లైషర్ సెట్టుని నేలకి బిగించేసి కెమెరాని కదిలించాడు. చేతి కెమెరాని పట్టుకున్న మనిషే రైలు కుదుపు. కళ్లు మోసపోతాయి: ఫ్రేము ఊగితే మనకి రైలు ఊగినట్టే. అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. నేల కదలడం లేదు కాబట్టి నటుల ఒళ్లు దానంతటది ఊగదు. కెమెరా కుదుపుకి సరిపోయేలా వాళ్లే లయగా తూలాలి, తలుపు దగ్గర చెయ్యి ఆనించాలి. ఒకరు మర్చిపోతే రైలు ఆగిపోయినట్టే.

బొమ్మలో నేపథ్య సంగీతం లేదు. సంగీత దర్శకుడు, వాద్య బృందం, రికార్డింగు, ఆ ఖర్చంతా మిగిలింది. దాని చోట్లో చక్రాల చప్పుడు, కూత, పట్టాల కీచు. వినబడే పాటంటే ఆవిడ తన గదిలో చేతిపెట్టె గ్రామఫోను మీద గట్టిగా పెట్టుకునే రికార్డు. హంతకులు పక్క నడవలో తిరుగుతుంటే ఇటు ఈవిడ జాజ్ రికార్డు పెడుతుంది. డిటెక్టివ్‌కి ఒళ్లు మండిపోతుంది. చూసేవాడికీ మండుతుంది. ఇంత లేకితనం ఏమిటి, ఇలాంటి మనిషి కోసం ఒక మంచి పోలీసు ప్రాణం పోయిందే అనుకుంటాం. ఆ సినిమా మొదట్లోనే మెక్‌గ్రా జోడీ పోలీసు మెట్ల మీద చనిపోతాడు. దానికి ముందు ఆవిడ మెళ్లో ముత్యాల దండ తెగి, ముత్యాలు ఒక్కొక్కటే మెట్ల మీదుగా దొర్లి కింద చీకట్లో నిలబడ్డవాడి కాళ్ల దగ్గరికి చేరతాయి. రూపాయి ఖర్చు లేని షాటు, పాతికేళ్ల తర్వాతయినా మర్చిపోలేం.

రైలు గది ఆరడుగులు కూడా లేదు. అంత ఇరుకులో మెక్‌గ్రాకీ ఆవిడకీ మధ్య మాటల యుద్ధాలు. ఇక్కడ ఎత్తు దాచే గొడవ లేదు. మెక్‌గ్రా గండ్రశిల లాంటివాడు. ఆవిడ కాళ్లు బారజాపుకుని కూచుని, తల మాత్రం తిప్పి, గొంతు పెంచకుండా తిట్టిపోస్తుంది. నటులు చేతులు ఊపే చోటు లేకపోతే కళ్లతోనే చెయ్యాలి. డిస్కంట్ లైటింగు చీకటి పాలు ఎక్కువగా ఉండే రకం. అలాంటి లైటింగులో కళ్లు గుంతలు పడి నల్లగా పోతాయి, కెమెరా పక్కన ఒక చిన్న దీపం పెట్టి కంట్లో మెరుపు తెప్పిస్తారు. ఆవిడ కళ్లు విశాలంగా ఉండటం ఆ చీకట్లో బాగా కలిసొచ్చింది. అవి తిరిగిన వైపల్లా చూపు పోతుంది.

ఇంత చక్కగా వచ్చిన బొమ్మని ఆర్‌కేఓ యజమాని హోవార్డ్ హ్యూస్ డబ్బాలో పెట్టేశాడు. ఆయనకి మరీ నచ్చి, పెద్ద తారలతో మళ్లీ తీద్దామా అన్న ఆలోచన. ఆ ఆలోచన సాగలేదు గానీ రిలీజు 1952 దాకా జరిగిపోయింది. వేడి మీద ఉన్న నటికి ఏడాదిన్నర ఆలస్యమంటే చిన్న దెబ్బ కాదు. ఆ బొమ్మ మూలకథకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. రెండో బొమ్మకి అలా రావడం అరుదు. ఆవిడకి వచ్చినవి మరో రకం: కొందరు ప్రేక్షకులు బైబిలు పుస్తకాలు పోస్టులో పంపేవారు, పాపం గురించిన వాక్యాల కింద గీతలు గీసి. తెర మీది మనిషే నిజమనుకుని ఆవిడ ఆత్మ బాగుపడాలని వాళ్ల ఆరాటం. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఏ నటికి దొరుకుతుంది!

1953లో 'క్యాట్-విమెన్ ఆఫ్ ది మూన్'. చందమామ మీదికి రాకెట్టు, అక్కడ గుహలో నల్ల బట్టల ఆడవాళ్లు, దారాలకి వేలాడే సాలీడు. రాకెట్టు లోపల ఆఫీసు బల్లలు, ఆఫీసు కుర్చీలు. 64 నిమిషాలు. త్రీ-డీలో తీశారు. ఆ కాలపు త్రీ-డీ అంటే రెండు ఫిల్ములు, ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి, రెండు ప్రొజెక్టర్లు జంటగా తిరగాలి. హాల్లో ఉండేవే రెండు ప్రొజెక్టర్లు. మామూలుగా ఒకటి ముగుస్తుంటే రెండోది అందుకుంటుంది. త్రీ-డీకి రెండూ ఒకేసారి కావాలి కాబట్టి రీలు మార్చడానికి ఆట ఆపాల్సిందే. అంతకన్నా పెద్ద ముప్పు తెగిన ఫిల్ము. ఒక ప్రింటులో నాలుగు ఫ్రేములు చినిగిపోతే, రెండోదాంట్లోనూ సరిగ్గా అవే నాలుగు ఫ్రేములు తీసేయాలి. క్యాబిన్‌లో ఆపరేటరు ఆ పని చెయ్యకపోతే కుడి కన్ను ఒకటి చూస్తే ఎడమ కన్ను దాని వెనకది చూస్తుంది, పది నిమిషాల్లో తలపోటు. జనం త్రీ-డీని తిట్టుకున్నారు గానీ తప్పు చాలాసార్లు కత్తెర దగ్గరే జరిగింది. ఈ బొమ్మని వెక్కిరించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఒకసారి మేరీ విండ్సర్‌ని మాత్రమే చూస్తూ కూర్చోండి. ఆ అట్టముక్కల మధ్య, పిల్లి ఆడవాళ్లు తన మనసుని పట్టి ఆడిస్తున్నారని చెప్పే సీన్లలో ఆవిడ ఒక్క చోట కూడా కన్ను గీటదు, ఇదంతా ఉత్తిదేలే అన్నట్టు ఒక్క క్షణం కూడా జారదు. సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టైన్‌ది, తర్వాత అంతవాడైన మనిషి.

రోజర్ కార్మన్ తొలి రోజుల్లో తీసిన 'స్వాంప్ విమెన్' కోసం లూజియానా చిత్తడి నేలల్లో నడుములోతు నీళ్లలో దిగింది. బురద, దోమలు, తడి బట్టలు, తడిస్తే సీను సీనుకీ అతకని జుట్టు. డూపులు పెట్టే స్తోమత లేని సినిమా. నటీమణులే నీళ్లలో కొట్టుకున్నారు.

అదే కాలంలో 27 ఏళ్ల కుర్రాడొకడు 'ది నారో మార్జిన్' చూసి, తన కొత్త సినిమాలో షెర్రీ వేషానికి ఈవిడే కావాలన్నాడు. అతని పేరు స్టాన్లీ కూబ్రిక్. ఆ సినిమా 1956లో వచ్చిన 'ది కిల్లింగ్'. ఖర్చు 3,20,000 డాలర్లు. గుర్రప్పందాల మైదానంలో దోపిడీ కథ. మైదానంలో కిటికీ దగ్గర డబ్బు లెక్కపెట్టే గుమాస్తా జార్జ్ పీటీగా ఎలైషా కుక్ జూనియర్, అతని పెళ్లాం షెర్రీగా మేరీ విండ్సర్. సంభాషణలు నేర కథల రచయిత జిమ్ థామ్సన్‌వి.

కుక్ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. తేడా 4 అంగుళాలు, సరిగ్గా ఒక సగం పెట్టె. ఇంకో దర్శకుడైతే ఆ పెట్టె వేయించేవాడు. కూబ్రిక్ వేయించలేదు. ఆ తేడాయే కాపురం కథంతా చెప్పేస్తుంది. జీవితమంతా మోకాళ్లు వంచిన ఆవిడ ఇక్కడ నిలువెత్తు నిలబడింది. మొదటి సీను చూడండి. జార్జ్ ఉద్యోగం నుంచి అలిసిపోయి ఇంటికొస్తాడు. ఆవిడ సోఫాలో వాలి పత్రిక చూస్తోంది, లేవదు. ఒంట్లో బాగాలేదంటాడు. ఆవిడ దానికి జాలిపడ్డట్టే మొదలుపెట్టి చివరి మాట దగ్గర పొడుస్తుంది. అదే నేను చెప్పిన అర క్షణం ఆగడం. అతను నొచ్చుకుంటాడు, నొచ్చుకున్నందుకే ఇంకాస్త ప్రేమిస్తాడు. డబ్బు వస్తుందని నోరు జారతాడు. అక్కడ ఆవిడ గొంతు మారదు, కళ్లు మారతాయి. ఇక వదలదు. ఒకసారి అలుగుతుంది, ఒకసారి దగ్గరకు తీస్తుంది, ఒకసారి నమ్మనట్టు నటిస్తుంది, నమ్మించడానికి అతనే గుట్టంతా విప్పేదాకా. ఆడది మగవాడి నోటినుంచి రహస్యం లాగడం సినిమాల్లో వెయ్యిసార్లు చూశాం, మెట్టు మెట్టుగా ఎలా లాగుతారో ఇక్కడ పాఠం లాగా కనిపిస్తుంది. ఆ వేషానికి 'లుక్' పత్రిక ఆవిడకి ఉత్తమ సహాయ నటి పురస్కారం ఇచ్చింది.

ఆ తర్వాత వేషాలు పెరగాలి. కానీ పునాదే కదిలిపోయింది. 1948లో పారమౌంట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, స్టూడియోలు తమ సినిమాల్ని గంపగుత్తగా హాళ్లకి అంటగట్టే పద్ధతి ఆగింది. రెండో బొమ్మకి ఖాయమైన హాళ్లు పోయాయి. మరోపక్క ఇంటింటికీ టీవీ. రిపబ్లిక్ 1950ల చివరికి సినిమాలు తీయడం మానేసింది. రోజుకి పది పేజీలు తీసే ఆ పనితనమంతా టీవీ సీరియళ్లకి తరలిపోయింది, మేరీ విండ్సర్‌తో సహా. 'పెర్రీ మేసన్', 'మావరిక్', 'రాహైడ్' ఇలా కౌబాయ్, డిటెక్టివ్ సీరియళ్లలో ఆవిడ మొహం కనిపిస్తూనే ఉండేది.

ఇక్కడ ఒక అన్యాయం చెప్పాలి. 1960లో సినిమా నటుల సంఘం, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్, సమ్మె చేసింది. టీవీలో సినిమా వేసిన ప్రతిసారీ నటులకి కొంత ముట్టాలన్నది డిమాండు. ఒప్పందం కుదిరింది, కానీ 1960 నుంచి తీసే సినిమాలకే. అంతకు ముందు తీసినవాటికి బదులుగా నిర్మాతలు 22.5 లక్షల డాలర్లు ఒక్కసారి ఇచ్చారు, దానితో పింఛను, వైద్య నిధి మొదలైంది. మేరీ విండ్సర్ మంచి సినిమాలన్నీ 1948కీ 1956కీ మధ్యవి. అర్ధరాత్రి ఆటలుగా అమెరికా టీవీ అంతా తిరిగిన ఆ బొమ్మల మీద ఆవిడకి ఈ ఒప్పందం వల్ల పైసా రాలేదు. నాయికలకి ఆస్తులుంటాయి, పెద్ద కాంట్రాక్టులుంటాయి. రోజు కూలి లెక్కన, వారం జీతం లెక్కన పనిచేసిన రెండో వేషాల వాళ్లకే ఇది గట్టిగా తగిలింది. ఆవిడ గిల్డ్ బోర్డులో 25 ఏళ్లు పనిచేసింది. ఆ సేవ గురించి ఎవరూ ఎక్కువ రాయరు, నాకు మాత్రం అది ఏ వేషానికీ తీసిపోదనిపిస్తుంది.

1979లో 'సేలమ్స్ లాట్' టీవీ చిత్రంలో అద్దె గదుల ఇల్లు నడిపే ఎవా మిల్లర్‌గా వేసింది. ఆ ఇంట్లో ఉండే తాగుబోతు వీజిల్ ఎవరో కాదు, ఎలైషా కుక్. 23 ఏళ్ల తర్వాత మళ్లీ జార్జ్, షెర్రీ, ముసలితనంలో. ఎవరో తెలిసినవాళ్లే ఆ జత కుదిర్చి ఉంటారు.

1983లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ నడకదారిలో వైన్ స్ట్రీట్ మీద ఆవిడ పేరుతో నక్షత్రం వేశారు. 2000 డిసెంబరు 10న పోయింది, మర్నాటికి 81 నిండేవి.

ఆవిడ సినిమా కొత్తగా చూసేవాళ్లు 'ది నారో మార్జిన్'తో మొదలుపెట్టి, ఇక్కడితో చదవడం ఆపండి. చూశాక రండి.

చూసినవాళ్లకి తెలుసు, ఆవిడ ముఠా నాయకుడి పెళ్లాం కాదు. ఆ వేషంలో పంపిన పోలీసావిడ. అసలు సాక్షి అదే రైల్లో పిల్లాడితో వెళ్తున్న మరో స్త్రీ. డిటెక్టివ్ డబ్బుకి లొంగుతాడా లేదా అన్న పరీక్ష కూడా ఈవిడ పనే. అది తెలిశాక రెండోసారి వేసుకుని చూస్తే సినిమా వేరే. ఆ లేకి మాటలు, ఆ జాజ్ రికార్డు, సిగరెట్టు పొగ మొహాన ఊదడం, అన్నీ ఒక ఉద్యోగిని చేస్తున్న పని. మొదటిసారి మనకి ఒళ్లు మండించిన ప్రతి మాటా ఆవిడ డిటెక్టివ్ ఏమంటాడోనని వదిలి చూస్తున్న మాట. మాట అనేశాక ఆవిడ చూపు అతని మొహం మీద ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. మొదటిసారి అది పొగరనుకున్నాం.

హంతకులు ఆవిడ గదిలోకి వస్తారు. కాల్చేస్తారు. సామాను వెతుకుతుంటే పోలీసు బిళ్ల బయటపడుతుంది, అప్పుడే వాళ్లకీ తెలుస్తుంది. ఆవిడ కోసం ఆగి బాధపడే వ్యవధి ఆ 71 నిమిషాల్లో లేదు. రైలు లాస్ ఏంజిలస్ చేరుతుంది. డిటెక్టివ్, అసలు సాక్షి పక్కపక్కనే స్టేషన్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోతారు.